యుద్ధానికి ముందు కార్లు, వాటి కాగితాలు

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళి వచ్చిన సభ్యులను ఒక్కొక్కరిని పిలిచి అక్కడి విశేషాలు చెప్పించాలని మన కార్యవర్గం తీర్మానించింది. నయాగరా జలపాతం గురించి, పిట్స్‌బర్గు వెంకటేశ్వర స్వామి గుడి గురించి ఇంతకుముందు మాట్లాడిన మిత్రులు చక్కగా చెప్పారు. మళ్ళీ నేనూ అవే చెబితే మీకు విసుగు పుడుతుంది. అందుచేత ఇంతవరకు ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎంచుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన అమెరికన్ కార్లను వెతికి, కొని, బాగుచేసుకుని, దాచుకుని, మళ్ళీ అమ్ముకునేవాళ్ళ లోకం ఒకటి అక్కడ ఉంది. దాని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పెన్షన్ డబ్బుతో బతికేవాళ్ళకు పాత కార్ల గోల ఎందుకని ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు. నవ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు. నేను రవాణా శాఖ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా రిజిస్ట్రేషన్ కాగితాల మధ్య కూర్చున్నవాణ్ణి. ఆ లోకంలోకి తొంగి చూసినప్పుడు నా కంటికి కారు కంటే ముందు దాని ఫైలు ఆనింది. చూడటానికి కవల పిల్లల్లాంటి రెండు కార్ల మధ్య ధరలో కోట్ల రూపాయల తేడా ఉంటుంది. ఆ తేడా ఎక్కడుందయ్యా అంటే ఇంజను మీద కొట్టిన ఒక నంబరులో, ఎవరో అటక మీద దాచిన ఒక పాత రసీదులో ఉంటుంది. ఇది మన బల్లల మీద జరిగిన పనే కదా. అందుకే ధైర్యం చేసి మాట్లాడుతున్నాను.

ముందుగా ఈ "యుద్ధానికి ముందు" అనే గీత ఎక్కడిదో చెప్పాలి. 1942 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రజలకు అమ్మే కార్ల తయారీని ఆపు చేయించింది. కార్ల ఫ్యాక్టరీలన్నీ ట్యాంకులు, విమానాలు, ఫిరంగుల పనికి మళ్ళాయి. మళ్ళీ 1945లో గాని కొత్త కారు బయటికి రాలేదు. ఆ విరామానికి ముందు పుట్టిన వాటిని అక్కడివాళ్ళు "ప్రీవార్" కార్లు అంటారు.

పాతదైతే చాలు విలువ ఉంటుందని అనుకోకండి. ఫోర్డ్ కంపెనీవారి మోడల్ టి కారు 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైంది. నూరేళ్ళ కారు అయినా అది ఇప్పటికీ కావలసినన్ని దొరుకుతుంది. మన ఇళ్ళలో ఇత్తడి బిందె లాంటిది. అమ్మమ్మ కాలం నాటిదే, ముద్దొస్తుంది, కాని వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒకటుంది. వీళ్ళు వెతికేది వేరు. ఆనాడే తక్కువగా తయారై, ఆనాడే గొప్పవాళ్ళు మాత్రమే కొని, తర్వాత దిక్కులేకుండా పోయినవి వీళ్ళకు కావాలి. ఏవి ఆ కోవలోకి వస్తాయి, ఏవి రావు అని తేల్చడానికి 1952లో క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అని ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ జాబితాలో ఉన్న కారును "ఫుల్ క్లాసిక్" అంటారు. ప్యాకార్డ్, పియర్స్-ఆరో, డ్యూసెన్‌బర్గ్, కార్డ్, స్టట్జ్, మార్మన్ వంటి పేర్లు అందులో కనిపిస్తాయి. ఒకే కంపెనీ కార్లలో ఒక మోడల్ లోపల, ఇంకొకటి బయట. మొదట 1925 నుంచి 1942 వరకే అన్నారు. తర్వాత అటూ ఇటూ జరిపి ఇప్పుడు 1915 నుంచి 1948 దాకా లెక్క పెడుతున్నారు. మా కారు ఎందుకు చేర్చలేదని అర్జీలు పెట్టుకుంటారు. పి.ఆర్.సి. వచ్చిన ప్రతిసారీ ఏ కేడరుకు ఏ స్కేలు అని మనం పడ్డ తగాదాలు గుర్తున్నవారికి ఇందులో వింతేమీ తోచదు.

ఈ జాబితాలోకెల్లా పెద్దపీట డ్యూసెన్‌బర్గ్‌ది. దాని కథ కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే కాగితాల గొడవ మొత్తం ఆ కథలోనే ఉంది.

ఫ్రెడ్, ఆగస్ట్ అని ఇద్దరు అన్నదమ్ములు. జర్మనీలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరారు. పందెం కార్లు తయారుచేసి పేరు తెచ్చుకున్నారు గాని వ్యాపారం వాళ్ళ చేతికి అందలేదు. 1926లో ఇ.ఎల్. కార్డ్ అనే వ్యాపారి వాళ్ళ కంపెనీని కొని, అమెరికాలో ఇంతకు మించిన కారు లేదనిపించేలా ఒకటి చేయమని ఫ్రెడ్‌కు చెప్పాడు. అలా 1928 డిసెంబరులో న్యూయార్కు ప్రదర్శనలో మోడల్ జె బయటపడింది. వరుసగా ఎనిమిది సిలిండర్ల ఇంజను, 265 గుర్రాల శక్తి అని కంపెనీ చెప్పుకుంది. ఛాసిస్ ఖరీదే 8,500 డాలర్లు. బాడీ అందులో కలవదు! ఆ రోజుల్లో మామూలు ఫోర్డ్ కారు మొత్తం అయిదు వందల డాలర్లకు అటూ ఇటూగా వచ్చేది.

కంపెనీ ఛాసిస్, ఇంజను మాత్రమే ఇచ్చేది. కొన్నవారు దాన్ని తమకు నచ్చిన బాడీ కట్టేవారి దగ్గరకు పంపించేవారు. మన దగ్గర లారీ ఛాసిస్ కొని బాడీ బిల్డింగ్ షెడ్డుకు తోలుకుపోతారు చూడండి, సరిగ్గా అదే పద్ధతి. కాకపోతే అక్కడ కాలిఫోర్నియాలో మర్ఫీ వంటి కంపెనీలు సినిమా తారలకు, కోటీశ్వరులకు కట్టేవి. కారు వచ్చిన ఏడాది తిరక్కుండానే 1929 అక్టోబరులో షేర్ మార్కెట్టు కుప్పకూలింది. 1932లో ఫ్రెడ్ తన కారు ప్రమాదంలోనే గాయపడి చనిపోయాడు. 1937లో కార్డ్ వ్యాపార సామ్రాజ్యంతో పాటు డ్యూసెన్‌బర్గ్ కూడా మూతపడింది. అప్పటికి తయారైన మోడల్ జె కార్లు సుమారు 480.

ఆ తర్వాత వీటికి పట్టిన గతి చూడండి. కంపెనీ లేదు, విడిభాగాలు లేవు, పెట్రోలు తాగుడు చూస్తే ఏనుగును మేపినట్టు. యుద్ధకాలంలో పెట్రోలు రేషను వచ్చింది. పాత ఇనుము ఇవ్వండి, ఆయుధాలు చేద్దామని ప్రభుత్వం పిలుపునిస్తే, పెద్ద కార్లు చాలా తుక్కుకు వెళ్ళాయి. మిగిలినవి కొన్ని వందల డాలర్లకు చేతులు మారాయి. వాటిని కొన్నవాళ్ళలో మెకానిక్కులున్నారు, కాలేజీ కుర్రాళ్ళున్నారు. పెద్ద ధనవంతులెవరూ ఆ రోజుల్లో వాటి వంక చూడలేదు. ఈనాడు మ్యూజియాల్లో తళతళలాడుతున్న కార్లు చాలావరకు, చేతికి నూనె మరకలున్న మామూలు మనుషులు ఆ ఇరవై ఏళ్ళూ షెడ్డులో పెట్టి కాపాడినవే. ఈ మాట అక్కడి ప్రదర్శనల్లో పెట్టే బోర్డుల మీద తక్కువగా కనబడుతుందని నా ఫిర్యాదు.

సరే, చికాగోలో జాన్ ట్రోకా అనే వ్యాపారి ఉండేవాడు. సెకండ్‌హాండ్ డ్యూసెన్‌బర్గులు కొని అమ్మడమే ఆయన పని. గిరాకీకి టాపు లేని కారు కావాలి, తన దగ్గరున్నదేమో నాలుగు తలుపుల మూసిన కారు. అప్పుడేం చేస్తాడు? ఈ కారు బాడీ విప్పి ఆ కారుకు బిగించేవాడు. ఆ రోజుల్లో అందులో తప్పేమీ లేదు. పాత కారు, నడిస్తే చాలు. కాని డెబ్భై ఎనభై ఏళ్ళ తర్వాత ఇప్పుడు, ఏ బాడీ ఏ ఛాసిస్ మీద పుట్టింది, ఏ ఇంజను ఏ కారులోది అన్నది తేల్చడం పెద్ద దర్యాప్తు అయి కూర్చుంది. అలా మార్చినవాడు ట్రోకా ఒక్కడే కాదు. యజమానులు మార్చారు, మెకానిక్కులు మార్చారు. ఇంజను చెడిపోతే ఇంకో కారు ఇంజను తెచ్చి వేశారు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ కాలంలో అమెరికాలో చాలా రాష్ట్రాలు కారును ఇంజను నంబరు మీదనే రిజిస్టరు చేసేవి. ఇంజను మారితే కాగితం ఏ కారుది? ఛాసిస్‌దా, ఇంజనుదా? మన సెక్షనులో పనిచేసిన ఎవరికైనా ఇది వింటే కడుపులో దేవినట్టు ఉంటుంది. మనం ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును ఫైలులో అంటించి, బి-రిజిస్టరుతో సరిచూసి గాని సంతకం పెట్టేవాళ్ళం కాదు. ఆ పెన్సిల్ అచ్చు ఎందుకండీ, టైము దండగ అని బ్రోకర్లు మన మీద విసుక్కునేవారు. అక్కడి నిపుణులు కారు అడుక్కి దూరి, టార్చిలైటు వేసి, ఆ నంబరు ఫ్యాక్టరీలో కొట్టినదా, తర్వాత ఎవరైనా అరగదీసి కొట్టినదా అని అంకెల వంపు కూడా పరీక్షిస్తారని చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

ఇండియానా రాష్ట్రంలో ఆబర్న్ అని చిన్న ఊరు. కార్డ్ గారి కంపెనీ ముఖ్య కార్యాలయం అక్కడే ఉండేది. 1930లో కట్టిన ఆ భవనమే 1974 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. ఆబర్న్, కార్డ్, డ్యూసెన్‌బర్గ్ కార్ల యజమానులు 1952లో ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఏటా సెప్టెంబరు మొదట్లో వచ్చే కార్మిక దినోత్సవం సెలవులకు ఆ ఊళ్ళో కలుస్తారు. ఈ క్లబ్బువారు కారును పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. ఇంజను, ఛాసిస్, బాడీ మూడూ ఫ్యాక్టరీ నుంచి కలిసి వచ్చినవే అయితే దానికి మొదటి తరగతి. తర్వాత కలిపినవైతే కింది తరగతి. కింది తరగతి కారు కూడా అంతే అందంగా ఉంటుంది, అంతే వేగంగా నడుస్తుంది. ధర దగ్గర మాత్రం నేల, ఆకాశం తేడా.

అదే క్లబ్బు పరిధిలోకి వచ్చే కార్డ్ 810, 812 కార్ల సంగతి ఇంకా తమాషా. 1936లో వచ్చిన 810 కారుకు దీపాలు మడ్‌గార్డుల్లో దాక్కుని ఉంటాయి. లోపల చిన్న పిడి తిప్పితే బయటికొస్తాయి. జనం విరగబడి చూశారు గాని కొన్నవాళ్ళు తక్కువ. అమ్ముడుపోని కార్లు కొన్నిటికి మరుసటి ఏడు నంబరు మార్చి 812 అని అమ్మేశారు. అంటే ఫ్యాక్టరీవాళ్ళే ఫైలు దిద్దారన్నమాట! ఈ సంగతి తెలియనివాడు ఆ కారును చూసి దొంగ నంబరని పొరబడే అవకాశముంది. దిద్దుబాటు ఎవరు చేశారు, ఏ అధికారంతో చేశారు అన్నది తెలిస్తే తప్ప కాగితం మీద తీర్పు చెప్పకూడదని మనకు మన సూపరింటెండెంట్లు నేర్పలేదూ?

కంపెనీని బట్టి రికార్డుల భాగ్యం మారుతుంది. క్యాడిలాక్ యజమాని తన నంబరు రాసి పంపితే, ఆ కారు ఏ రంగులో, ఏ సామగ్రితో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిందో చూపే కాగితం జనరల్ మోటార్స్ వారి భాండాగారం నుంచి తెప్పించుకోవచ్చు. 1930 జనవరిలో, మాంద్యం మొదలైన వేళ, పదహారు సిలిండర్ల క్యాడిలాక్ తెచ్చారు. దానికీ ఈ సదుపాయం ఉంది. ప్యాకార్డ్ వారు డ్రైవరు ముందుండే ఇనుప గోడ మీద చిన్న పలక బిగించేవారు. ఏ ఊరి డీలరు, ఏ తేదీన కారు అప్పగించాడో దాని మీద ఉంటుంది. ఇప్పుడు ఆ పలకలు కొత్తవి చేసి అమ్మేవాళ్ళున్నారు. పాడైపోయిన పలక స్థానంలో పెట్టుకోవడానికని చెబుతారు. ఆ పలక మీద ఏ తేదీ చెక్కించుకున్నా అడిగేవాడు లేడు. కాబట్టి పలక ఒక్కటే ఉంటే చాలదు. పలకకు తోడు పాత ఫొటో కావాలి, బీమా కాగితం కావాలి, మొదటి యజమాని రాసుకున్న ఉత్తరం కావాలి. ఒకదానికొకటి సాక్ష్యం పలకాలి.

అన్నీ కుదిరిన కారు ఎంత పలుకుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. 1935లో డ్యూసెన్‌బర్గ్ వారు పొట్టి ఛాసిస్ మీద ఎస్‌ఎస్‌జె అని రెండే రెండు కార్లు చేశారు. ఒకటి నటుడు గ్యారీ కూపర్ దగ్గర, రెండోది క్లార్క్ గేబుల్ దగ్గర ఉండేవి. కూపర్ కారు 2018 ఆగస్టులో కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ దగ్గర జరిగిన వేలంలో 2 కోట్ల 20 లక్షల డాలర్లకు పోయింది. అప్పటి మారకం ప్రకారం 150 కోట్ల రూపాయల పైమాటే. అంతవరకు వేలంలో ఏ అమెరికన్ కారూ అంత పలకలేదు. కారు అరుదైనది, సినిమా నటుడిది, నిజమే. దానితో పాటు కూపర్ తర్వాత అది ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు వెళ్ళిందో గొలుసు తెగకుండా తెలుసు. ఆ గొలుసు తెగి ఉంటే కొనేవాడు అంత దూరం చెయ్యి ఎత్తడు.

ఇక కొనుగోలు, అమ్మకం ఎలా జరుగుతుందో చెబుతాను. వేలాలు పత్రికల్లో పడతాయి గాని, చాలా కార్లు సద్దు లేకుండా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతాయి. ఫలానా ఊళ్ళో ఫలానా డాక్టరు గారి షెడ్డులో ఒక స్టట్జ్ ఉందట అని ఒకరు ఇంకొకరికి చెప్పుకుంటారు. ఆ డాక్టరు గారికి ఏటా క్రిస్మస్ కార్డు పంపిస్తూ, ఇరవై ఏళ్ళు ఓపిక పట్టి కొన్నవాళ్ళున్నారు. 1954లో ఇల్లినాయిలో హెమ్మింగ్స్ అనే ఆయన పాత కార్ల, విడిభాగాల ప్రకటనల కోసం ఒక పత్రిక మొదలుపెట్టాడు. తర్వాత అది వెర్మాంట్ రాష్ట్రానికి మారింది. మా అబ్బాయి స్నేహితుడి ఇంట్లో దాని పాత సంచికలు కొన్ని తిరగేశాను. మన పేపర్లో పెళ్ళి ప్రకటనలు చదివినట్టే ఉంది. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరూ నిజం మొత్తం చెప్పరు. "కొద్దిగా పని ఉంది" అంటే అడుగు భాగం లేదని అర్థం చేసుకోవాలట.

పెన్సిల్వేనియాలో హర్షీ అనే ఊరుంది. చాక్లెట్ల ఊరు. ప్రతి అక్టోబరులో అక్కడ పాత కార్ల సంత జరుగుతుంది. 1935లో ఫిలడెల్ఫియాలో పుట్టిన ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు 1950ల మధ్య నుంచి దీన్ని నడుపుతున్నారు. మా రెండోవాడు ఆ రాష్ట్రంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. నా పూర్వాశ్రమం తెలుసు కాబట్టి, "నాన్నా, నీకు ఇది నచ్చుతుంది" అని తీసుకువెళ్ళాడు. ఎన్ని ఎకరాలో చెప్పలేను. నా మోకాళ్ళు సగంలోనే చేతులెత్తేశాయి. వేలకొద్దీ దుకాణాలు. దుకాణమంటే ఒక బల్ల, ఒక గుడారం. బల్ల మీద తుప్పు పట్టిన దీపాలు, గడియారాలు, చక్రం మూతలు, ఇంజను తలకాయలు. మన ఊరి పాత ఇనుప సామాన్ల బజారుకు పది బజార్లు కలిపినట్టుంది. తేడా ఒక్కటే, ఆ తుప్పు ముక్క దేనిదో అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు.

అక్కడ ఒక పెద్దావిడ కనబడింది. ఎనభై దాటి ఉంటాయి. భర్త పోయి ఏడాదైందట. ఆయన నలభై ఏళ్ళ పాటు పోగుచేసిన ప్యాకార్డ్ విడిభాగాలు తెచ్చి పెట్టుకుంది. ప్రతి వస్తువుకూ దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది. దాని మీద ఆయన చేతిరాత. ఏ ఏటి, ఏ మోడల్‌కు పనికొస్తుంది, ఎవరి దగ్గర కొన్నాడు, ఎంతకు కొన్నాడు, ఎందుకు దాచాడు. నేను అట్టముక్కలు చదువుతూ నిలబడిపోయాను. మావాడు మాట కలిపాడు. కర్మకాండ అయిన వారానికే ఇద్దరు వ్యాపారులు ఇంటికి వచ్చారట. "అమ్మా, ఈ తుప్పు అంతా మీకెందుకు, షెడ్డు ఖాళీ చేసి పెడతాం" అని మొత్తానికి కలిపి ఒక మొత్తం చెప్పారట. ఆవిడకు కార్ల సంగతి ఏమీ తెలియదు. కాని అట్టముక్కల మీది అంకెలు కూడుకుంటే, ఆయన కొన్న ధరలే వాళ్ళు చెప్పిన దానికి నాలుగింతలయ్యాయట. వాళ్ళను కాఫీ ఇచ్చి పంపించేసి, మనవణ్ణి తోడు తీసుకుని ఇక్కడికి వచ్చిందట. "ఈ అట్టముక్కలు రాస్తుంటే నలభై ఏళ్ళు ఎగతాళి చేశాను" అని నవ్వింది. ఒక కార్బురేటరు బేరం తెగాక కొన్నతను వస్తువు తీసుకుని వెళ్ళబోతే ఆవిడ పిలిచి, "అట్టముక్క కూడా పట్టుకెళ్ళండి, దానితో కలిపే ధర" అంది.

ఇక్కడున్న అమ్మలను ఒక మాట అడుగుతాను. మీ వారి సర్వీసు రిజిస్టరు నకలు, పి.పి.ఓ., బ్యాంకు నామినేషను ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నాయో మీకు తెలుసా? తెలియనివారు ఈ రాత్రే అడగండి. ఇది నా విషయంలో భాగం కాదు గాని, ఆ బల్ల దగ్గర నిలబడ్డప్పుడు నాకు తోచింది.

బాగుచేయడం గురించి కొద్దిగా. ఈ కార్ల బాడీ అంతా రేకే అనుకుంటాం. చాలావాటికి లోపల కర్ర చట్రం ఉంటుంది, దాని మీద రేకు తొడిగి మేకులు కొట్టారు. నీళ్ళు దిగితే కర్ర చివుకుతుంది, తలుపులు కుంగుతాయి. పిడులు, దీపాల గిన్నెలు చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోశారు. అందులో మలినం ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ అది ఉబ్బి, బీటలు వారి, చేతిలో పొడి అవుతుంది. అటువంటి ముక్క మంచిది దొరకడమంటే గగనం. ఇంజను బేరింగుల్లో తెల్లలోహం కరిగించి పోయాలి, ఆ పని తెలిసిన ముసలివాళ్ళు తగ్గిపోతున్నారు. టైర్లు మాత్రం పాత అచ్చుల నమూనాలోనే కొత్తవి చేసేవాళ్ళున్నారు. మొత్తానికి మధ్యరకం కారును పూర్తిగా బాగుచేయిస్తే అయిన ఖర్చు అమ్మినప్పుడు తిరిగి రాదు. తెలిసే చేస్తారు. కూతురి పెళ్ళికి అయిన ఖర్చు తిరిగి వస్తుందని మనం చేశామా?

పోటీల్లో మార్కులు వేస్తారు. హర్షీ క్లబ్బువారిది 400 మార్కుల పరీక్ష. మార్కుల కోసం కొందరు ఫ్యాక్టరీలో కూడా లేనంత మెరుపు తెస్తున్నారు. నా మటుకు నాకు అది నచ్చలేదు. పెళ్ళికూతురు అలంకరణలో ఉన్న తొంభై ఏళ్ళ అవ్వలా ఉంటుంది. ఈ మధ్య కాలంలో వాళ్ళకే ఆ సంగతి తోచింది. ఒక కారు ఒక్కసారే ఒరిజినల్‌గా ఉంటుందని వాళ్ళలో ఒక నానుడి ఉంది. రంగు పెచ్చులూడినా, సీటు చిరిగినా, ముట్టుకోకుండా కాపాడిన కార్లకు ఇప్పుడు వేరే వర్గం పెట్టారు. పెబుల్ బీచ్‌లో 2001 నుంచి ఉంది. ఆ పెబుల్ బీచ్ పోటీ 1950లో మొదలైనప్పుడు మొదటి బహుమతి కొత్త కార్లకే వచ్చేది. 1955లో ఫిల్ హిల్ అనే కుర్రవాడు వాళ్ళ ఆంటీ వాడిన 1931 నాటి పియర్స్-ఆరో కారు తెచ్చి మొదటి బహుమతి కొట్టుకుపోయాడు. ఆంటీ అంటే మేనత్తో, పిన్నో, వాళ్ళకు అందరూ ఒకటే. అక్కడ పాత కారు మొదటి బహుమతి గెలవడం అదే మొదలు. ఆ కుర్రవాడే 1961లో పందెం కార్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇంకొకరి కథ చెప్పకపోతే ఈ విషయం సగమే అవుతుంది. నెవాడా రాష్ట్రం రీనో ఊళ్ళో విలియం హారా అని జూదశాలల యజమాని. సుమారు 1,400 కార్లు సేకరించాడు. కార్లొక్కటే కాదు, పాత కంపెనీల పట్టికలు, మరమ్మతు పుస్తకాలు, ఫొటోలతో పెద్ద గ్రంథాలయం పెట్టాడు. కారు బాగుచేసే ముందు అది పుట్టినప్పుడు ఎలా ఉందో ఆ గ్రంథాలయంలో తేల్చాకే పనివాళ్ళు రెంచి పట్టాలి. ఆయన 1978లో చనిపోయాడు. కార్లు కంపెనీ ఆస్తిలో భాగంగా ఉన్నాయి. 1980లో హాలిడే ఇన్ వారు ఆ కంపెనీని కొన్నారు. హోటళ్ళవారికి పాత కార్లతో పనేమిటి? 1984, 85, 86 సంవత్సరాల్లో వరుసగా వేలం వేశారు. ఊరివాళ్ళు, అభిమానులు గగ్గోలు పెట్టారు. చివరికి 175 కార్లు, ఆ గ్రంథాలయం మ్యూజియానికి దానంగా మిగిలాయి. 1989లో రీనోలోనే మ్యూజియం తెరిచారు. మిగిలిన వెయ్యికి పైగా కార్లు దేశమంతా చెదిరిపోయాయి. అయితే ఈనాటికీ వాటిలో ఏ కారు అమ్మకానికి వచ్చినా, ఇది ఒకప్పటి హారా గారి కారు అని మొదటి పేజీలో రాస్తారు. ఆయన దగ్గర ఉందంటే అన్నీ విచారించి, లెక్క ప్రకారం బాగుచేసి ఉంటారని కొనేవాడికి ఒక నమ్మకం.

మన దేశానికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. జనరల్ మోటార్స్ వారు 1928లోనే బొంబాయిలో షెవర్లే కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టారు. ఇండోర్ మహారాజా యశ్వంత్ రావ్ హోల్కర్ గారు డ్యూసెన్‌బర్గ్ ఛాసిస్ కొని, లండన్‌లో గర్నీ నట్టింగ్ కంపెనీ చేత బాడీ కట్టించుకున్నారు. ఆ కారు తర్వాత మళ్ళీ అమెరికాకే చేరింది. సంస్థానాల కార్లు ఇంకా ఎన్నో అలాగే సముద్రం దాటాయి. ఇక మన శాఖ సంగతి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్ళకు "వింటేజ్" అని వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత "వి ఎ" అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. పదేళ్ళు చెల్లుతుంది. రోజువారీ వాడకానికి, కిరాయికి పనికిరాదు. ఇంతకాలం పాత కారు తెచ్చిన మనిషిని చూసి ఏ ఫారం ఇవ్వాలో తెలియక మనవాళ్ళు తల గోక్కునేవారు. ఇప్పుడు ఒక దారి ఏర్పడింది. కాని "అసలు రూపం మారలేదు" అని తేల్చాల్సింది ఎవరు, ఏ కాగితం చూసి? ఆ పాత రిజిస్టర్లు ఏ రికార్డు రూములో చెదలు తింటున్నాయో చూసి రావాలని నాకు మనసులో ఉంది. కార్యవర్గం అనుమతిస్తే మన సంఘం తరఫున ఆఫీసుకు ఒక ఉత్తరం రాద్దాం.

ఇప్పుడు అక్కడ వినబడుతున్న బెంగ ఒక్కటి. ఈ కార్లను చిన్నప్పుడు వీధిలో చూసి మోజుపడ్డ తరం దాదాపు వెళ్ళిపోయింది. డ్యూసెన్‌బర్గ్‌కు ఎప్పుడూ కొనేవాళ్ళుంటారు. మామూలు రకం పాత కార్లు మాత్రం ఒకప్పటి ధర పలకడం కష్టంగా ఉందని హర్షీలో బల్లలు పెట్టుకున్న ముసలివాళ్ళు చెప్పారు. అందుకే ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయని వాటిని కొంటున్న కుర్రవాళ్ళనూ అక్కడే చూశాను. ఒక అబ్బాయి పాతికేళ్ళవాడు, మోడల్ ఎ ఫోర్డ్ కొని, పాత యజమాని ఎదురుగా కూర్చుని, ఆయన చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. ఏ గేరు దగ్గర పట్టేస్తుంది, ఏ తలుపు వానకు బిగుసుకుంటుంది అని. ఆయన చెబుతూనే ఉన్నాడు, అబ్బాయి రాస్తూనే ఉన్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. టీ కూడా వచ్చినట్టుంది. ఎవరికైనా ఇంకా ఏమైనా అడగాలని ఉంటే అక్కడ మాట్లాడుకుందాం. సెలవు.